జలపాతాల అద్దె

అరకులోయ,
9 జూలై 2006

అన్నా,

మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి "ఏ రవిబాబు?" అని అడిగి, నేను చెప్పేలోగా పెట్టేశాడు. మీ డొంకరాయిలో ఇంటర్నెట్ సెంటర్ అన్నది ఒకటుంటే నీకు ఇంత పెద్ద ఉత్తరం చదివే శిక్ష తప్పేది.

నేను నడిపే 'కొండకబుర్లు' గురించి పోయినసారి వచ్చినప్పుడు చెప్పాను. నువ్వు నిద్రపోయావు. మళ్ళీ చెబుతున్నాను. అదొక గోడ అనుకో. ఎక్కడున్నవాళ్ళయినా కంప్యూటర్ ముందు కూర్చుని దాని మీద రాయొచ్చు, మిగిలినవాళ్ళు చదివి జవాబివ్వొచ్చు. విశాఖలో చదువుకునే మన పిల్లలు అక్కడ ఒకరినొకరు పలకరించుకుంటారు. రాజవొమ్మంగి నుంచి ఒక మాస్టారు ముసలివాళ్ళ దగ్గర కూర్చుని మన కొండభాష మాటలు ఏరుకొచ్చి రాస్తాడు. ఏ సంతలో కాఫీ ఏ ధర పలికిందో, ఏ ఊళ్ళో జ్వరాలున్నాయో, ఏ వాగు పొంగిందో అందులో తెలుస్తుంది. మొదట్లో ముప్ఫై నలభై మందిమి. ఇప్పుడు వెయ్యి దాటాం.

ఈ గోడ ఉన్నది మన ఊళ్ళో కాదు. పైదేశపు కంపెనీ వాడి మెషీన్లో. దానికి మనం అద్దె కట్టాలి. ఇన్నాళ్ళూ కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పి తెచ్చుకునే జీతంలోంచి నేనే కట్టాను. జనం పెరిగారు, చోటు చాలడం లేదు, అద్దె నాలుగింతలు చేస్తానన్నాడు. సెప్టెంబరు నెలాఖరులోగా ఏడాదిది ఒకేసారి కట్టకపోతే మొత్తం తుడిచేస్తాడట. మాస్టారు రాసిన మాటలతో సహా.

అందుకని సభ్యులందరినీ తలా కొంచెం ఇమ్మని అడిగాను. అడిగాక తెలిసింది వీళ్ళెవరో.

బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే ఒక పెద్దమనిషి, ఈ వేదికే లేకపోతే తన మూలాలు మరిచిపోయేవాడినని పేజీడు రాశాడు. ఆయన మూలాలు అనకాపల్లిలో ఉన్నాయి. అరకు రెండుసార్లు వచ్చాడు, ఏసీ కారు దిగకుండా వెళ్ళాడు. పేజీడు రాసినవాడు పైసా పంపలేదు. ఇంకొకాయన, మిగతావాళ్ళు ఇస్తే తానూ ఇస్తానన్నాడు. ఆ మాట నచ్చి ఇంకో పదిమంది అదే రాశారు. ఇప్పుడందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. మరొకాయన, డబ్బు దేనికి ఖర్చవుతుందో పైసాపైసాకీ జవాబు చెప్పమన్నాడు. ఆయన ఇచ్చిన డబ్బు ఏదీ లేదు కనుక చెప్పడం తేలికే.

అందరికంటే ఘనుడు కిరణ్. కెమెరా వేసుకుని కొండల్లో తిరిగే హైదరాబాదు కుర్రాడు. వానాకాలం వచ్చిందంటే జలపాతాల బొమ్మలు వందలకొద్దీ తెచ్చి పెడతాడు. ప్రతి జలపాతం మూలనా తన పేరు రాసుకుంటాడు, ఆయనే తవ్వించినట్టు. "కళాకారుణ్ణి డబ్బు అడగడమేమిటండీ?" అన్నాడు.

నిన్ను అడగడం లేదులే. ఎవరి మీదైనా కక్కాలి కనుక నీ మీద కక్కాను. వదినను అడిగానని చెప్పు.

భాను


డొంకరాయి,
24 జూలై 2006

చెల్లి భానుకు,

ఉత్తరం అందింది. మీ వదిన రెండుసార్లు చదివించుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కంటికి కనబడని గోడకు అద్దె కట్టాలట, అది పైదేశంవాడిదట, ఆ గోడ మీద ఊళ్ళోవాళ్ళు రాసుకోవడానికి నువ్వు జీతం తగలేస్తావట. ఈ సంగతి ఇక్కడ మా గ్యాంగులో చెబితే, "మీ సెల్లికి ఎవుడో టోపీ ఎట్టీసినాడురా" అన్నారు. నాకూ అలాగే ఉంది. డీఎస్సీకి చదవమంటే చదవవు. వెయ్యిమందికి పనికొచ్చే పని చేస్తున్నానంటావు. ఆ వెయ్యిమందీ నీ గురించి ఏమనుకుంటున్నారో నువ్వే రాశావు కదా.

నేను బాగానే ఉన్నాను. కాంట్రాక్టరు కింద పని మామూలే, డ్యాము గేట్లకు గ్రీజు పెట్టడం, కాలువ కట్ట మీద తిరగడం. మోటార్‌సైకిల్ కొన్నాను. కలర్ టీవీ కూడా వచ్చింది. ఇంటికి రేకులు మార్పించాను. కాలం అందరికీ ఒకేలా ఉండదు, కాస్త కలిసొచ్చింది అనుకో.

ఇంకొక మాట. మీ గోడ మీద భూముల సంగతులు కూడా రాస్తున్నారని విన్నాను. ఎవడి భూమి ఎవడి చేతికి పోయిందో మనకెందుకు? కాఫీ ధరలు రాసుకోండి, పాటలు రాసుకోండి. గొడవలు వద్దు.

మీ వదిన నాకు చెప్పకుండా నీకు మనియార్డరు చేసింది. పోస్ట్‌మాన్ చెబితే తెలిసింది. పైదేశం వాడికి మా ఇంటి నుంచి కూడా ముట్టిందన్నమాట.

రవి


అరకులోయ,
20 ఆగస్టు 2006

అన్నా,

వదిన మనియార్డరు అందింది. కింద చిన్న గడిలో "భాష మాటలు పోనియ్యకు" అని రాయించింది. ఈ నెలలో నాకు వచ్చిన మంచి మాట అదొక్కటే.

చందాల సంగతి చెబుతాను. నీకు నవ్వు రాకపోయినా వదినకు వస్తుంది. పాతవాళ్ళు, అంటే మొదటి ముప్ఫై నలభై మందీ, ఉన్నంతలో పంపారు. మిగతావాళ్ళ నుంచి వచ్చినవి ఉపదేశాలు. ఒకడు డబ్బుకు బదులు సైటుకు కొత్త రంగులు వేసిపెడతానన్నాడు. ఒకావిడ, చందా ఇచ్చినవాళ్ళ పేర్లు పెద్ద అక్షరాల్లో వేస్తారా అని అడిగి, వేస్తామంటే ఎంత పెద్దవని అడిగింది. విశాఖలో బ్యాంకులో పనిచేసే లావణ్య మన సభ్యురాలే. క్రెడిట్ కార్డు ఉన్నది ఆమె ఒక్కదానికే కనుక కంపెనీకి ఆమె చేత కట్టిస్తున్నాం. వచ్చినదంతా చూసి, "దీంతో మూడు నెలలు కూడా గడవదు భానూ" అంది.

సరిగ్గా ఆ వారంలోనే పైడిరాజు వచ్చాడు. బజారులో పెద్ద కిరాణా కొట్టు, మైదానం నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ అబ్బాయి, నీకు తెలుసు. సెంటర్లోకి వచ్చి, పిల్లలు కూర్చునే స్టూలు మీద రుమాలు పరిచి కూర్చున్నాడు.

"ఏటమ్మా భానూ, ఎబ్‌సైట్‌కి సందాలు అడుగుతన్నావట?"

"అవును."

"మరి మాకు సెప్పవేటి? ఊళ్ళో ఉన్నోళ్ళం కామా? ఏడాదికి ఎంతవుద్దో సెప్పు, నానిచ్చేత్తాను. ఒక్కడే ఇచ్చీసినాక నువ్వు ఇంకెవుణ్ణీ అడుక్కోనక్కర్నేదు."

"మీకేం కావాలి?"

"నాకేటి కావాల. కొత్తగా కాటేజీలు కడతన్నాం. పైన ఓ మూల పేరెయ్యి సాలు. నీ వాటర్‌ఫాల్స్ సూసినోడు పడుకోడానికి సోటడుగుతాడు కదా?"

నాకు ఆ మనిషంటే ఎంత అసహ్యమో నీకు తెలుసు. చిల్లర ఇచ్చేటప్పుడు మన చేతికి తగలకుండా బల్ల మీద పడేసేవాడు. నాలుగు రోజులు ఆలోచించాను. గడువు దగ్గరపడింది. వెయ్యిమంది నోళ్ళకంటే ఆ ఒక్కడి జేబు నయమని తేలింది. తీసుకున్నాను. లావణ్య కట్టేసింది. మొదటి పేజీ పైన ఇప్పుడు ఆయన కాటేజీల పేరు మెరుస్తూ ఉంది.

మన సభ్యులు పండగ చేసుకున్నారు. దాత ఎవరో మహానుభావుడని రాశారు. తమ జేబు బతికినందుకు వచ్చిన సంతోషం ఎంత చక్కగా రాశారో చూడాలి.

భాను


డొంకరాయి,
5 సెప్టెంబరు 2006

భానుకు,

మంచి పని చేశావు. నీకు కాస్త లోకజ్ఞానం వచ్చిందనిపించింది.

పైడిరాజు గురించి నువ్వు చిన్నప్పటి సంగతులు పట్టుకుని మాట్లాడుతున్నావు. మనిషి మారాడు. పని ఉంటే పిలిచి కుర్చీ వేస్తాడు. మన కుర్రాళ్ళకు పనులిస్తున్నాడు. అందరినీ ఒకే గాటన కట్టకు. ఆయనతో మర్యాదగా ఉండు. ఆయన ఏదైనా అడిగితే ముఖం మీద కాదనేయకు, నాకు ఒక ముక్క రాయి.

వదినకు ఒంట్లో బాగుంది.

రవి


అరకులోయ,
15 అక్టోబరు 2006

అన్నా,

అడిగాడు. నువ్వు చెప్పినట్టే జరిగింది.

రెండు వారాల కింద ముంతగుడ నుంచి సుక్రు వచ్చాడు. సోంబరు తమ్ముడు. సోంబరు కొడుకును విశాఖ ఆసుపత్రిలో పెట్టినప్పుడు ఊరు నీళ్ళు తెచ్చుకునే గెడ్డ పక్కన భూమి అమ్ముకున్నాడు కదా, అందులోనే పైడిరాజు కాటేజీలు లేచాయి. ఇప్పుడు చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఊళ్ళో ఆడవాళ్ళు గెడ్డకు దిగే దారి ఆ కంచెలో పడిపోయింది. నీళ్ళకు కొండ చుట్టి పోవాల్సి వస్తోంది. "ఇది రాయమ్మా, మీ దాంట్లో" అన్నాడు సుక్రు.

చెప్పింది చెప్పినట్టు రాయడం ఇష్టం లేక నేనూ వెళ్ళాను. ఆ ఊరి బుధు వాళ్ళ కోడలు నిండు చూలాలు, బిందె చంకన పెట్టుకుని పక్కదారిన జారుతూ దిగుతోంది. కంచె లోపల సిమెంటు వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. మనుషులు లేరు. వాచ్‌మన్ నన్ను చూసి ఈలేశాడు, మేకను తోలినట్టు. నేను చూసింది చూసినట్టు రాశాను. గిరిజనేతరులు ఏజెన్సీలో భూమి కొనకూడదు కనుక ఇది ఎవరో గిరిజనుడి పేరు మీద కొన్నదై ఉంటుందని మాస్టారు కింద రాశాడు. ఇంకో మూడు ఊళ్ళవాళ్ళు తమ సంగతులు రాశారు. విశాఖ నుంచి ఒక విలేకరి అడిగాడు.

మర్నాడే పైడిరాజు వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"అమ్మా, నా డబ్బుతో నడిసే దాంట్లో నామీదే రాత్తావా?"

"మీ మీద కాదు, కంచె మీద రాశాను."

"అద్దె ఎవుడు కట్టినాడు? నాను. ఇంటోడు సెప్తే అద్దెకున్నోడు ఇనాలా వద్దా? అది తీసీ. రేపటికి కనబడకూడదు."

"ఇంటివాడు మీరు కాదు. మీరు చందా ఇచ్చారు."

"సందా!" అని నవ్వాడు. "సందా గుడికిత్తారమ్మా. నాను కొన్నాను."

నేను తీయలేదు. కానీ అన్నా, ఆ మనిషి కంటే నాకు ఎక్కువ రోత పుట్టించింది మన సభ్యులు. వాడు ఏమడిగాడో దాచకుండా మన గోడ మీద, అంటే బోర్డు మీద పెట్టి, ఏం చేద్దామని అడిగాను. అనకాపల్లి మూలాల పెద్దమనిషి, 'ఇరుపక్షాల వాదనా వినాలి' అన్నాడు. నీళ్ళబిందె వాదన ఏమిటో నాకు తెలియదు. పేరు పెద్దక్షరాల్లో అడిగిన ఆవిడ, దాతను నొప్పిస్తే రేపు ఎవరిస్తారని బాధపడింది. కిరణ్ ఒక్క మాటలో తేల్చాడు. 'ఇక్కడికి మనశ్శాంతి కోసం వస్తాం, రాజకీయాలు వద్దు, జలపాతాలు చూద్దాం.' దానికి అరవైమంది చప్పట్లు.

ఆ జలపాతం నీళ్ళే ముంతగుడ గెడ్డలోకి వస్తాయని వాళ్ళకెవరికీ తట్టలేదు.

భాను


డొంకరాయి,
24 అక్టోబరు 2006

భానూ,

ఉత్తరం చేరిన వెంటనే ఆ రాత తీసేయ్. వాదించకు.

పెద్దవాళ్ళతో పెట్టుకుంటే ఏమవుతుందో నీకు తెలియదు. నీకు కంప్యూటర్ తెలుసు, మనుషులు తెలియదు. గెడ్డకు ఇంకో దారి ఉందని నువ్వే రాశావు, కొంచెం చుట్టు అంతే. కంచె లేకపోతే పశువులు తోసుకొచ్చి, వరండా ముందు వేసిన గులాబీ అంట్లు తినేస్తే వాళ్ళకు నష్టం కాదా? సోంబరు డబ్బు తీసుకోకుండా భూమి ఇవ్వలేదు కదా. తీసుకుని, వాడుకుని, ఇప్పుడు ఏడిస్తే ఎలా?

విలేకరికి ఏమీ చెప్పకు. ఎవరి పేరు మీద ఉందన్నది ఎవరికీ అక్కర్లేని సంగతి. అన్నగా చెబుతున్నాను. ఈ ఒక్క మాట విను.

రవి


అరకులోయ,
6 నవంబరు 2006

శ్రీ కిల్లో రవిబాబు గారికి,

మీ ఉత్తరం అందింది. వరండా ముందు గులాబీ అంట్లు ఉన్నాయని నేను రాయలేదు. ముంతగుడ మీరు ఈ ఏడాది వచ్చినట్టు నాకు తెలియదు. గులాబీలు చూడ్డానికి వచ్చి ఉంటారు.

రెండుసార్లు చదివాను. చదివి, తెలిసిందాన్ని తెలియనట్టు ఉంచుకుందామనుకున్నాను. శుక్రవారం సంతలో చిన్నమ్మలు పిన్ని పసుపు అమ్ముతూ కనబడింది. అడగకుండానే చెప్పింది.

"ఏటే గుంటా, మీ అన్న బూమి మీద నువ్వే రాత్తన్నావట?"

"మా అన్నకు భూమి ఎక్కడిది పిన్నీ?"

"ముంతగుడలోది. పైడిరాజు కడతన్నాడు గానీ పేరు మీ రవిదే కదే. సంతకానికి వొచ్చినప్పుడు మా ఇంటికాడే అన్నం తిన్నాడు. నీకు తెలీదా? నీకే తెలీదా?"

చుట్టూ ఉన్నవాళ్ళందరూ విన్నారు. పిన్ని మంచిది, నాకు ఒక మానిక పసుపు ఊరికే ఇచ్చింది.

కాలం కలిసొచ్చిందని రాశావు. అలా కలిసొచ్చిందా? మోటార్‌సైకిలూ, టీవీ, రేకులూ! నా సభ్యుల మీద నవ్వాను నేను. వాళ్ళు పిసినారులు, పిరికివాళ్ళు, పొగడ్తల పోగులు. కానీ వాళ్ళలో ఒక్కడూ తన ఊరివాడి నీళ్ళకు అడ్డంగా పడుకోవడానికి తన పేరు అద్దెకివ్వలేదు. నేను పైదేశం వాడికి అద్దె కడుతున్నానని నీ గ్యాంగుతో కలిసి నవ్వావు. నువ్వు అద్దె వసూలు చేసుకుంటున్నావు, అంతే తేడా.

మాస్టారు ఆ గిరిజనుడెవరని బోర్డు మీద అడిగాడు. 'తెలుసు, చెబుతాను' అని రాశాను. జనవరి నెలాఖరు వరకు ఆగుతాను. ఆలోగా నీ నోటితో నువ్వు ముంతగుడ వెళ్ళి చెప్పు. లేదంటే నేను రాస్తాను. ఇంటిపేరుతో రాస్తాను. అది నా ఇంటిపేరు కూడా.

వదినకు తెలుసా?

కిల్లో భాను


డొంకరాయి,
20 నవంబరు 2006

భానూ,

రాయి. ఇంటిపేరుతోనే రాయి. నాకేమీ భయం లేదు.

నీకు జీతం వస్తుంది, నీతులు వస్తాయి. నేను పదకొండేళ్ళుగా ఈ కాంట్రాక్టరు కింద గ్రీజు పూస్తున్నాను. ఏ కాగితం మీదా నా పేరు లేదు. ఎవరి హాజరులో ఉన్నానో నాకే తెలియదు. నువ్వు ఫోన్ చేసినప్పుడు "ఏ రవిబాబు?" అన్నాడని రాశావే, ఇక్కడ రోజూ అంటారు. నా సంతకం అవసరమని ఒక మనిషి కారులో ఇంతదూరం వచ్చి, కుర్చీ వేసి, టీ తెప్పించి అడిగాడు. నా పేరుకు ధర ఉందని చెప్పింది అతనొక్కడే. తీసుకున్నాను. ఎవడైనా తీసుకుంటాడు. నువ్వు తీసుకోలేదా? అదే మనిషి, అదే జేబు. నువ్వు తీసుకుంటే చందా, నేను తీసుకుంటే పాపమా?

సోంబరుకు ఆరోజు డబ్బు కావాలి. నేను సంతకం పెట్టకపోతే ఇంకొకడు పెట్టేవాడు. దారి మూసేస్తారని నాకు చెప్పలేదు. గులాబీలు పెట్టేటప్పుడు కూడా చెప్పలేదు.

మీ వదినకు నీ ఉత్తరం వచ్చేవరకు తెలియదు. కవరు విప్పింది ఆవిడే, పక్కింటి పిల్ల చేత చదివించుకుంది. వారం నుంచి నాతో మాట్లాడటం లేదు. టీవీ మీద గుడ్డ కప్పేసింది. సంతోషమా?

రవి


అరకులోయ,
18 డిసెంబరు 2006

అన్నకు,

నువ్వన్న ఒక మాట నిజం. అదే మనిషి, అదే జేబు. అందుకని ముందు నా వైపు శుభ్రం చేసుకున్నాను. అదెలా జరిగిందో చెబుతాను.

పైడిరాజు డబ్బు తిరిగి ఇచ్చేస్తామని, అంత చందా మళ్ళీ కావాలని బోర్డు మీద రాశాను. ఊహించినట్టే ఏమీ రాలేదు. అప్పుడు లావణ్య ఒక ప్రశ్న వేసింది. "అసలు ఇంత అద్దె ఎందుకవుతోంది భానూ? మాటలకు ఇంత చోటు పడుతుందా?" సిగ్గుచేటు, ఇంతవరకు నేను ఆ లెక్క చూడనే లేదు. కూర్చుని చూశాను. మాస్టారు ఎత్తి రాసిన భాష, కాఫీ ధరలు, జ్వరాలు, వాగులు, ముంతగుడ, అన్నీ కలిపి ఒక మూలన సర్దుకుని కూర్చున్నాయి. మిగతా ఇల్లంతా జలపాతాలు. వందల కొద్దీ, మూలమూలనా సంతకంతో. అవి చూడ్డానికి వచ్చిపోయే జనం తొక్కిడికే అద్దె పెరిగింది. ఒక్క పైసా ఇవ్వనివాళ్ళ బొమ్మలను, ఒక్క పైసా ఇవ్వనివాళ్ళు చూసుకోవడానికి, మా వదిన మనియార్డరు చేసిందన్నమాట.

కిరణ్‌కు పది రోజులు గడువిచ్చాను, బొమ్మలు తీసుకుపొమ్మని. "కళకు విలువ లేని చోట" అని మొదలుపెట్టి చాలా రాశాడు. తీసుకుపోలేదు. పదో రోజు జలపాతాలన్నీ తుడిచేశాను. అంత హాయి నాకు ఈ మధ్య కలగలేదు. సగానికి పైగా సభ్యులు అలిగి వెళ్ళిపోయారు. మూలాల పెద్దమనిషి పోతూ పోతూ, నేను సంకుచితురాలినని రాశాడు. ఆ మాట చదవడానికి మిగిలినవాళ్ళు మూడు వందల మంది లేరు. పెద్దది వదిలి చిన్న అద్దెలోకి మారాం. మిగిలిన నెలలకు కట్టిన డబ్బు కంపెనీ తిరిగి ఇచ్చింది. వాడేసుకున్న నెలలది ఉన్నవాళ్ళం పంచుకున్నాం. ఈసారి ఎవరూ ఎవరి మొహం చూడలేదు. ఇక మీదట ఎవరికీ పై మూల పేరు వేయనని రాశాను.

డబ్బు పట్టుకుని పైడిరాజు కొట్టుకు వెళ్ళాను. బేరాల మధ్యలో ఉన్నాడు.

"ఇదేటి?"

"మీరు కొన్నది. వాపసు."

"నా కాడ ఇచ్చింది ఎనక్కి తీసుకునే అలవాటు నేదు."

బల్ల మీద పెట్టాను, ఆయన చేతికి తగలకుండా. తీసుకోడానికి ఆయనే వంగాడు. బయటికి వస్తుంటే వెనక నుంచి అన్నాడు: "మీ అన్నని అడుగు గుంటా, ఆడు కూడా ఇచ్చెత్తాడేమో!" కొట్టులో ఉన్నవాళ్ళు నవ్వారు.

అన్నా, నీ ఉత్తరంలో గ్రీజు సంగతి చదివి నాకు ఏడుపొచ్చింది. కానీ బుధు కోడలు ఆ పక్కదారిన జారిపడింది. బిడ్డ దక్కింది, ఆమెకు నడుము పట్టేసింది. నీ ఏడుపు, ఆమె నడుము రెండూ నా ముందున్నాయి. గడువు మారదు.

భాను


డొంకరాయి,
21 జనవరి 2007

భానుకు,

ముంతగుడ వెళ్ళి వచ్చాను. అరకు రాలేదు. నీ ముఖం చూడబుద్ధి కాలేదు.

నీ ఉత్తరం వచ్చిన మూడు వారాలకు పైడిరాజు కారులో ఇక్కడికొచ్చాడు. ఈసారి టీ లేదు. వీధిలో నిలబడి అరిచాడు. "నీ సెల్లి నోరు నువ్వు మూయిత్తావా, నన్ను మూయించమంటావా? బూమి నీదనుకుంటన్నావేట్రా? అది నాది. నువ్వొట్టి ఏలిముద్రవి" అన్నాడు. నేను సంతకం పెట్టాను, వేలిముద్ర వేయలేదు. ఆ మాట కూడా అనలేకపోయాను.

అతను వెళ్ళాక మీ వదిన రెండు నెలల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"కాయితం మీద ఎవుడి పేరున్నాది?"

"నాదే."

"మరి నీ బూమిలో కంచె నువ్వు తీత్తే ఆడు ఎవుడికి సెప్పుకుంటాడు? పోలీసుకి సెప్తాడా? ఏటని సెప్తాడు, ఈడి పేరెట్టి నాను దొంగతనంగా కొనీసినానని సెప్తాడా?"

నేను ఆవిడ వంక చూస్తూ కూర్చున్నాను. "సూత్తావేటి? బేగి లెగు" అంది.

ఇద్దరం మోటార్‌సైకిల్ మీద బయల్దేరాం. ముంతగుడలో అందరినీ పిలిచి, భూమి నా పేరు మీద ఉందని చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. సుక్రు ఉమ్మేసి పక్కకు తిరిగాడు. వాచ్‌మన్ పరుగెత్తుకొస్తే, నేను ఈ భూమి ఆసామిని, కాగితాలు ఆఫీసులో ఉన్నాయి, పోయి చూసుకో అన్నాను. వాడు ఫోన్ చేశాడు. పైడిరాజు వచ్చాడు, కారు దిగకుండా చూశాడు, వెళ్ళిపోయాడు. గెడ్డ వైపు కంచె నేనే పీకాను. చేతులు చీరుకున్నాయి. మొదటి బిందె మీ వదినే తీసుకొచ్చింది.

చివర్న సోంబరు వచ్చాడు.

"కంచె తీసినావు. బూమి మాటేటి?"

"నీ పేరు మీదికి రాయించేస్తాను."

"నాకు సెప్తే ఏటవుద్ది? ఆపీసులో సెప్పు" అన్నాడు. నేను ఏదో కానుక ఇస్తున్నట్టు మాట్లాడాను, అతను అప్పు వసూలు చేసుకునేవాడిలా చూశాడు.

మొన్న తిరిగొచ్చేసరికి కాంట్రాక్టరు, "నువ్వింక రానక్కర్లేదు" అన్నాడు. ఎందుకని అడగలేదు. హాజరులో నా పేరు లేదు కనుక కొట్టేయడానికి కూడా ఏమీ లేదు. క్వార్టర్ ఖాళీ చేయమన్నారు. మోటార్‌సైకిల్ అమ్మేస్తున్నాను. ఆ డబ్బు పైడిరాజుది కనుక దాన్ని ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

నువ్వు రాయాల్సింది రాసుకో. ఎక్కడికి వెళ్ళాలో ఇంకా అనుకోలేదు.

రవి


అరకులోయ,
29 జనవరి 2007

అన్నా,

రాశాను. ఇంటిపేరుతో, నువ్వు ఏం సంతకం పెట్టావో, ఏం పీకావో రెండూ. నీ గురించి ఒక్క మెచ్చుకోలు మాట వేయలేదు. చేయాల్సిన పని ఆలస్యంగా చేసినవాణ్ణి మెచ్చుకోవడం నాకు చేతకాదు. కొందరు నిన్ను వీరుణ్ణి చేసి రాశారు, అవి తీసేశాను. కొందరు బూతులు రాశారు, అవీ తీసేశాను.

మోటార్‌సైకిల్ డబ్బు సోంబరుకు ఇవ్వు. అతను తీసుకోడు, సుక్రు తీసుకుంటాడు. కోడలి నడుముకు బుధు విశాఖ తీసుకెళ్ళాలట, అక్కడికి కొంత ఇవ్వు. మాస్టారు అర్జీ రాసిపెడతానన్నాడు. దాని మీద నువ్వూ సోంబరూ పక్కపక్కన సంతకం పెట్టాలి. ఆఫీసులో ఏమవుతుందో తెలియదు, ఏళ్ళు పట్టొచ్చు. సోంబరు మాత్రం ఆగలేదు. ఆ సిమెంటు వరండాల మీద కాఫీ గింజలు ఆరబోసుకుంటున్నాడు. ఇంత చదునైన కళ్ళం ఏజెన్సీలో ఎవరికీ లేదట.

సెంటర్లో ఇంకో మనిషి కావాలి. నీకు కంప్యూటర్ రాదు. కానీ జనరేటర్ నడపడం, వైర్లు చూడటం వచ్చు. జీతం తక్కువ. హాజరుపట్టీలో పేరు ఉంటుంది. అది నేనే రాస్తాను.

సీలేరు మీదుగా వచ్చే పొద్దుటి బస్సు ఎక్కండి. పాడేరు దారి మలుపుల్లో వదినకు తల తిప్పుతుంది, కిటికీ పక్కన కూర్చోబెట్టు. బస్టాండుకు వస్తాను. నీ మీద కోపం పోలేదు. దిగగానే నీతో మాట్లాడకపోతే, ముందు వదినతో మాట్లాడుతున్నానని అనుకో.

భాను